గౌట్ వచ్చి రెండు నెలలే అయింది... స్నేహితులతో బీరు తాగొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. రెండు నెలల కిందట ఓ అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు మొదట్లో విపరీతమైన నొప్పి, వాపు వచ్చాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. గౌట్ అన్నారు. యూరిక్ యాసిడ్ 8.9 ఉంది. నొప్పి తగ్గాక ఫెబుక్సోస్టాట్ 40 మి.గ్రా., కోల్చిసిన్ 0.5 మి.గ్రా. రోజుకొకటి చొప్పున రాశారు. నొప్పి లేదు కదా అని కోల్చిసిన్ మూడు వారాలకే ఆపేశాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. షుగర్ లేదు. ఇంకో మూడు వారాల్లో పాత స్నేహితులం ఐదుగురం ఒకచోట చేరి రాత్రంతా సినిమాలు చూస్తూ బీరు తాగుదామనుకుంటున్నాం. ఆ ఒక్కరోజు మాత్ర మానేసి తాగొచ్చా? లైట్ బీరో, ఆల్కహాల్ లేని బీరో అయితే ఫర్వాలేదా? ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా వెళ్లండి. సినిమాలు చూడండి, తెల్లవార్లూ కబుర్లు చెప్పుకోండి. బీరు మాత్రం ఈసారికి వద్దు. జీవితాంతం ముట్టుకోవద్దని అనడం లేదు. గౌట్ మళ్లీ తిరగబెట్టడానికి అన్నివిధాలా అనువైన సమయంలో మీరిప్పుడు ఉన్నారు, అందుకే ఈ జాగ్రత్త.

రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 దాటితే కరిగి ఉండలేక సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. పాకం చల్లారితే పంచదార పలుకులు కట్టినట్టే, ఒంట్లో చల్లగా ఉండే చోట ఇది త్వరగా జరుగుతుంది. కాలి బొటనవేలు గుండెకు దూరం, మిగతా ఒంటికంటే చల్లన. నొప్పి ఎక్కువగా అక్కడే, అదీ ఒళ్లు చల్లబడి, నీళ్లు తాగకుండా గంటల తరబడి పడుకున్న అర్ధరాత్రి వేళ మొదలవడానికి ఇదో కారణం.

ఫెబుక్సోస్టాట్ యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తుంది. అయితే అది తగ్గే తొలి నెలల్లోనే నొప్పి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి పేరుకున్న స్ఫటికాలు కరగడం మొదలై, విడిపోయిన ముక్కలు కీలులోకి రాలతాయి. తెల్ల రక్తకణాలు వాటిమీద దాడికి దిగుతాయి. దాంతో కీలు వాస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి, మందు పడలేదనుకుని మానేస్తారు. నిజానికి మందు పనిచేస్తున్నందుకే అలా అవుతుంది. ఆ గండం దాటించడానికే కోల్చిసిన్‌ను తక్కువ మోతాదులో మూడు నుంచి ఆరు నెలలపాటు ఇస్తారు. మీరు మూడు వారాలకే ఆపేశారు. నొప్పి ఉన్నప్పుడు వేసుకునే మాత్రగా కాకుండా నొప్పి రాకుండా కాపాడే మాత్రగా దాన్ని చూడండి. ఈ వారమే మీ డాక్టర్‌ను కలిసి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, మళ్లీ మొదలుపెట్టాలో లేదో అడగండి. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే మోతాదు మారుతుంది. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో, బీపీకి వాడే వెరాపమిల్, డిల్టియాజెమ్‌తో కలిపి వాడితే కోల్చిసిన్ ఒంట్లో ప్రమాదకర స్థాయికి చేరుతుంది. కాబట్టి వాడే మందులన్నీ పేరుపేరునా చెప్పండి.

ఇక బీరు సంగతి. మద్యం ఏదైనా, కాలేయం దాన్ని విరగ్గొట్టేటప్పుడు ఏటీపీ అనే శక్తి నిల్వ ఖర్చయి, చివరికి యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. అదే సమయంలో లాక్టిక్ యాసిడ్ పెరగడంతో కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడం తగ్గిస్తాయి. అంటే తయారీ పెరుగుతుంది, పారుదల తగ్గుతుంది. బీరులో వీటికి తోడు, ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు కూడా ఉంటాయి. వాటిలో ఎక్కువగా ఉండే గ్వానోసిన్‌ను పేగులు తేలిగ్గా పీల్చుకుంటాయి. సుమారు 47 వేల మంది పురుషులను 12 ఏళ్లపాటు గమనించి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు ఒక బీరు చొప్పున గౌట్ ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. విస్కీ లాంటివాటితో ముప్పు అంతకంటే తక్కువ పెరిగింది, వైన్‌తో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇది చూపించి ‘అయితే నువ్వు వైన్ తీసుకో’ అనే స్నేహితుడు ఒకడుంటాడు. ఆ లెక్క గౌట్ కొత్తగా వచ్చే ముప్పు గురించి. ఇప్పటికే గౌట్ ఉన్నవాళ్లలో ఏ మద్యమైనా, తాగిన 24 గంటల్లో నొప్పి తిరగబెట్టే అవకాశాన్ని పెంచుతుందని ఆ తర్వాతి పరిశీలనల్లో తేలింది.

లైట్ బీరులో ఆల్కహాల్ 5 శాతానికి బదులు 4 శాతం దాకా ఉండొచ్చు. లైట్ కదా అని రెండుకు బదులు మూడు తాగితే ఆ తేడా కూడా పోతుంది. 5 శాతం బీరు 500 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అదే 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 32 గ్రాముల దాకా ఉంటుంది. సినిమా చూస్తూ తాగేటప్పుడు ఎంత తాగామో లెక్క తెలియదు. కథలో మునిగి ఉండగా పక్కవాళ్లు గ్లాసు నింపుతూ పోతారు. అందుకే ‘ఒక్కటే తాగుతాను’ అనుకోవడం అలాంటి రాత్రుల్లో నిలబడదు. ఆల్కహాల్ లేని బీరు దానికంటే నయమే. మద్యంతో వచ్చే నష్టం ఉండదు. కానీ ప్యూరిన్లు అందులోనూ ఉంటాయి, యూరిక్ యాసిడ్‌ను కొంత పెంచుతాయి. మీ స్థితిలో దాన్ని కూడా ఇప్పటికి పక్కన పెట్టమనే చెబుతాను. అలాగని కూల్‌డ్రింకులకు మారకండి. చక్కెర పానీయాల్లోని ఫ్రక్టోజ్ కూడా కాలేయంలో ఏటీపీని ఖర్చుచేసి యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, తియ్యటి పండ్లరసాలూ అంతే. సోడా, నిమ్మకాయ పిండిన నీళ్లు, చక్కెర లేని కాఫీ, టీ, వెన్న తీసిన పాలతో చేసినవి ఏవైనా తీసుకోవచ్చు.

ఆ ఒక్కరోజు మాత్ర మానేయాలా అన్నారు. వద్దు. మెట్రోనిడజోల్ లాంటి మందులు వాడుతూ తాగొద్దని గట్టిగా హెచ్చరిస్తారు కాబట్టి, తాగే రోజు ఏ మాత్రయినా ఆపేయాలని చాలామంది అనుకుంటారు. ఫెబుక్సోస్టాట్‌కు అది వర్తించదు. దాన్ని ఆపితే యూరిక్ యాసిడ్ మళ్లీ పైకి ఎగబాకుతుంది. వేసుకుంటే దిగి, మానేస్తే ఎక్కి... ఈ ఒడుదొడుకులే కీలుకు చేటు.

మీ ప్రశ్నలన్నింటిలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది నొప్పి మాత్ర గురించి అడిగింది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ కిడ్నీలోని రక్త పీడనాన్ని, ఒంట్లోని నీటిని ప్రభావితం చేస్తాయి. దానిపై డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర పడితే కిడ్నీకి రక్తం అందించే దారి ఇంకో వైపు నుంచీ ఇరుకవుతుంది. ఆ పైన బీరు తాగి పదేపదే మూత్రానికి వెళ్లి ఒంట్లో నీరు తగ్గితే, ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతినవచ్చు. కడుపులో పుండు పడి రక్తస్రావమయ్యే ముప్పు దీనికి అదనం. కాబట్టి ముందుజాగ్రత్త పేరుతో ఈ మాత్రలు అసలే వేసుకోవద్దు.

ఆ బీపీ మాత్ర గురించి ఇంకో మాట. అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ కిడ్నీ నుంచి యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. మీ 8.9లో దాని వాటా ఎంతో కొంత ఉండొచ్చు. మీ అంతట మీరు ఆపకండి, బీపీ ఎగబాకుతుంది. యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గించే లోసార్టాన్, యామ్లోడిపిన్ లాంటివి మీకు కుదురుతాయేమో డాక్టర్‌ను అడగండి. ఒక్క బీరు మానడం కంటే ఈ మార్పు వల్ల దక్కే మేలు ఎక్కువ కావొచ్చు.

కలిసే రోజున పొద్దుటి నుంచి ఏమీ తినకుండా, రాత్రి ఒక్కసారే బాగా తినే అలవాటు చాలామందికి ఉంటుంది. మీరు అలా చేయకండి. ఉపవాసంలో తయారయ్యే కీటోన్లు కూడా యూరిక్ యాసిడ్‌ను కిడ్నీ దగ్గర ఆపేస్తాయి. వేళకు తినండి. కాలేయం, మూత్రపిండాలు లాంటి మాంసం, రొయ్యలు, చిన్న చేపలు ఆ రాత్రికి వద్దు. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పకపోతే రోజు మొత్తానికి రెండు, రెండున్నర లీటర్లు తాగండి. పడుకోబోయే ముందు ఒక గ్లాసు మరవకండి. బిగుతు బూట్లు వేసుకోకండి. వేలికి తగిలే చిన్న దెబ్బ కూడా నొప్పిని రేపుతుంది. తాగడం లేదన్న సంగతి గ్లాసు చేతికిచ్చేటప్పుడు కాదు, ఎవరేం తేవాలో మాట్లాడుకుంటున్నప్పుడే చెప్పేయండి. అప్పుడు మీకు కావలసినవి కూడా జాబితాలో చేరతాయి, రాత్రంతా బతిమాలించుకునే బాధ ఉండదు.

యూరిక్ యాసిడ్ పరీక్ష ఒకసారి మళ్లీ చేయించండి. 6 లోపు రావాలి. రాకపోతే ఫెబుక్సోస్టాట్ మోతాదు పెంచాల్సి రావచ్చు. గుండె జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఈ మందు విషయంలో అది ముఖ్యం. 6 లోపు నిలకడగా ఉండి, ఆరు నెలలపాటు నొప్పి రాకపోతే అప్పుడెప్పుడైనా ఒక 330 మి.లీ. బీరు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడొచ్చు. అదీ వారం వారం కాదు.

ఇంత చేసినా నొప్పి వస్తే ఆలస్యం చేయకండి. మొదటి 12 గంటల్లో మొదలుపెడితే కోల్చిసిన్ బాగా పనిచేస్తుంది. మామూలుగా ఒకేసారి 1 మి.గ్రా., గంట తర్వాత 0.5 మి.గ్రా. ఇస్తారు. కిడ్నీ పరీక్ష చూశాక ఈ మోతాదు మీకు సరిపోతుందో లేదో మీ డాక్టర్‌తో ముందే రాయించుకుని దగ్గర పెట్టుకోండి. ఎక్కువ వేసుకుంటే త్వరగా తగ్గదు. విరేచనాలు మొదలైతే మోతాదు ఎక్కువైందని గుర్తు, ఆపి ఫోన్ చేయండి. గుడ్డలో చుట్టిన ఐస్ 20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తుగా ఉంచండి. కాపడం పెట్టకండి, మర్దన చేయకండి. ఫెబుక్సోస్టాట్ మాత్రం రోజూలాగే వేసుకోండి. చలిజ్వరం వచ్చినా, కీలు బొత్తిగా కదపలేకపోయినా, ఎరుపు కాలి పైకి పాకుతున్నా అది గౌట్ కాక కీలులో చీము కావొచ్చు. అలాంటప్పుడు తెల్లవారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కీలులోంచి కాస్త ద్రవం తీసి పరీక్షిస్తే తేలిపోతుంది.