పిన్నీ, మంచి రామెన్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: పిన్నీ, మాది ఒంగోలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సంక్రాంతి అయ్యాక తమ్ముడు వస్తున్నాడు. జపాన్ సీరియళ్లు చూసీ చూసీ వాడికి రామెన్ (సూప్‌లో వేసిచ్చే జపాన్ నూడుల్స్) పిచ్చి పట్టింది. ఫోన్‌లో ‘టాప్ 10’ జాబితాలు చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒకసారి పార్సిల్ తెప్పిస్తే ముద్దైపోయి వచ్చింది, డబ్బులు దండగ. మా ఆయన పంది మాంసం ముట్టరు. అత్తగారు మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేశారు. ఊళ్లో అన్నిటికన్నా మంచి చోటు ఒక్కటి చెప్పవా?
– ఒంగోలు ఆడపడుచు

జవాబు: ఒక్క పేరు చెప్పి చేతులు దులుపుకోవచ్చు గానీ, మీ ఇంట్లో నలుగురివీ నాలుగు దారులమ్మా. పోనీ, నేను ఎలా ఎంచుకుంటానో చెప్తాను.

ముందు పార్సిల్ మాట మరిచిపో. రామెన్ పిండిలో కాన్‌సుయి అని ఒక క్షారం కలుపుతారు. సోడియం, పొటాషియం కార్బొనేట్లే అవి. నూడుల్స్‌కి ఆ లేత పసుపు రంగూ, పంటికింద ఆ సాగుడూ దానివల్లే వస్తాయి. వేడి సూప్‌లో పడ్డాక ఆ బిగువు కొద్ది నిమిషాలే నిలుస్తుంది. సాయంత్రం పూట సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి మీ ఇంటికొచ్చే గిన్నెలో ఏం మిగులుతుంది? సూపూ నూడుల్సూ విడివిడిగా కట్టిచ్చే చోటైతే కొంత నయం, అంతే.

బిడది దగ్గర జపాన్ వాళ్ల కంపెనీలో నేను అకౌంట్స్ చూసేదాన్ని. అక్కడ మా పెద్దసారు రామెన్ రాగానే నూడుల్స్ జోలికి పోయేవారు కాదు. ముందు చెంచాడు సూప్ తాగేవారు. నచ్చితే ఇక మాటల్లేవు, గిన్నె ఖాళీ అయ్యేదాకా జుర్రుకుంటూ తినడమే. నచ్చకపోతే ఆఫీసు కబుర్లు మొదలెట్టేవారు! ఆయన్ని చూసి నేర్చుకున్నదే ఇది: హోటల్‌కి ఫోన్ చేసి “సూప్ దేనితో కాస్తారు, ఎంతసేపు కాస్తారు” అని అడుగు. అడగ్గానే తడుముకోకుండా చెప్పారంటే వెళ్లు. “అన్ని రకాలూ ఉన్నాయి మేడమ్” అన్నారంటే నేనైతే వెళ్లను.

జపాన్‌లో ఫుకుఓకా వైపు పుట్టిన టొన్‌కొట్సు రామెన్ సూప్ పంది ఎముకలది. గంటల తరబడి తెర్లకాగుతూ ఉండాలి. ఎముకల్లోని కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, కొవ్వు నీళ్లలో కలిసిపోతుంది, సూప్ పాలలా తెల్లబడుతుంది. పాయా తాగిన నోటికి ఆ జిగురు కొత్తేం కాదు. రెండు చెంచాలు తాగేసరికి పెదాలు అంటుకోవాలి. తమ్ముడికి అది పెట్టించు. కోడి ఎముకల్ని అలాగే కాచి తీసేది తోరి పైతాన్, అది మీ ఆయనకి. కానీ పైన పంది ముక్కలు పరుస్తారేమో, పంది కొవ్వు నూనె వేస్తారేమో కనుక్కోవాలి. కోడి సూప్ అన్నంత మాత్రాన గిన్నెంతా కోడే అనుకోకు.

అసలు చిక్కు అత్తగారితో. మెనూలో ‘వెజ్’ అని ఉన్నా నమ్మి కూర్చోబెట్టొద్దు. జపాన్ సూప్‌కి మూలం దాషి. దాన్ని చాలాచోట్ల కొంబు అనే సముద్రపు నాచుతో, పొగబెట్టి ఎండబెట్టిన చేపని చిత్రిక పట్టిన పొరలతో తీస్తారు. గిన్నె అడుగున ముందుగా వేసే ఉప్పటి చిక్కని రసం ఒకటుంటుంది, టారే అంటారు. అందులోనూ చేప ఉండొచ్చు. కొన్ని నూడుల్స్ పిండిలో గుడ్డు కలుపుతారు. మూడూ అడుగు. కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనే దాషి తీసేవాళ్లు దొరికితే ఆవిడకి నిశ్చింత. ఆ రుచి మీ అందరికంటే ఆవిడకే ఎక్కువ నచ్చినా నేను ఆశ్చర్యపోను.

ఇక పేర్లు. శాంతినగర్ దగ్గర కె.హెచ్. రోడ్డులో నారు నూడుల్ బార్ ఉంది. చిన్న చోటు, ముందే బుక్ చేసుకోకపోతే సీటు కష్టం. నూడుల్సే ప్రాణంగా నడిచే చోటు కాబట్టి తమ్ముణ్ణి ముందు అక్కడికే తీసుకెళ్లు. రెసిడెన్సీ రోడ్డులో హరిమా పాతది. జపాన్ వంటలు చాలా రకాలు చేస్తారు. నలుగురూ నాలుగు రకాలు తినేవాళ్లైతే అదే సుఖం. రెండిటికీ ఫోన్ చేసుకునే వెళ్లు, నా మాట పట్టుకుని తిన్నగా పోకు.

అన్నట్టు, మీ ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే సూప్ అడుగంటా తాగనక్కర్లేదు, ఉప్పు బాగా ఉంటుంది. జపాన్‌లోనూ చాలామంది వదిలేస్తారు, ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: చాప్‌స్టిక్స్ పట్టడం రాదు. ఫోర్కు అడిగితే నవ్వుతారా?
– ఒక నెల్లూరు పెద్దాయన, కోరమంగల

జవాబు: నవ్వరండీ. నిక్షేపంగా అడగండి. చెంచా మాత్రం వదలొద్దు.

ప్రశ్న: ఇంట్లో ఇన్‌స్టంట్ రామెన్‌లోకి గుడ్డు ఉడకబెడుతున్నాను. వీడియోలో చెప్పినట్టు ఆరున్నర నిమిషాలు ఉంచినా తెల్లసొన సరిగ్గా గట్టిపడటం లేదు. విశాఖలో మా అక్కకి మాత్రం చక్కగా కుదురుతోంది. ఎందుకు పిన్నీ?
– మల్లేశ్వరం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: మీ అక్క సముద్రం పక్కనుంది, నువ్వు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నావు. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఇంకో అర నిమిషం ఉంచు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గుడ్డైతే మరికాస్త. తీయగానే చన్నీళ్లలో వేసి, ఒలిచి, సోయా సాస్‌లో సమానంగా నీళ్లు, చెంచాడు పంచదార కలిపి, అందులో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టు. పచ్చసొన జారుగానే ఉండాలి కాబట్టి మర్నాడే తినెయ్యి, దాచిపెట్టకు.