ట్రెక్కింగ్‌కి గాలికీ వానకీ ఆగే లైటర్ ఏది కొనాలి?

గాలికి ఆరిపోని లైటర్లు చాలానే దొరుకుతాయి, నీళ్లలో పడినా పనిచేసేవే తక్కువ. ప్యాకెట్ మీద రాసింది వదిలేసి మూత చూడండి. అంచున రబ్బరు రింగు ఉండాలి, మూశాక గట్టిగా బిగుసుకోవాలి. అది లేకపోతే వాటర్‌ప్రూఫ్ అన్న మాట నమ్మకండి.

వత్తితో వెలిగే జిప్పో లైటర్ గాలికి బాగానే తట్టుకుంటుంది. కానీ అందులో పోసే ద్రవం వాడకపోయినా వారం, రెండు వారాల్లో ఆవిరైపోతుంది. వత్తి తడిస్తే ఆరేదాకా అంతే సంగతులు.

జెట్ మంట (వేగంగా చిమ్మే మంట) వచ్చే బ్యూటేన్ గ్యాసు లైటర్ అరకు, నల్లమల వైపు తిరిగేవాళ్లకు సరిపోతుంది. హిమాలయాలకైతే ఆలోచించాలి. చలి 0 డిగ్రీల కిందికి దిగితే బ్యూటేన్ గ్యాసుగా మారదు, మంట రాదు. ఒంటి వేడి తగిలేలా లోపలి జేబులో పెట్టుకుంటే కొంత నయం.

మంట బదులు కరెంటు మెరుపుతో అంటించే ఛార్జింగ్ ఆర్క్ లైటర్‌కి గాలి భయం లేదు గానీ, దాని సందులో పట్టేంత సన్న పుల్లలే అంటుకుంటాయి.

నా ఓటు రబ్బరు రింగున్న జెట్ లైటర్‌కే, తోడుగా ఒక ఫెర్రో రాడ్ (నిప్పురవ్వల కోసం గీసే లోహపు కడ్డీ). ఈ రాడ్ తడిసినా తుడిచి గీస్తే నిప్పురవ్వలు రాలతాయి.

విమానంలో వెళ్తుంటే మాత్రం లైటర్ దిగాకే కొనుక్కోండి, మన దేశంలో చెక్-ఇన్ బ్యాగులో కూడా పెట్టనివ్వరు.