ఇన్‌ఫార్మర్ వెంట నడిచే కథలో ఎవరికి చోటు?

ప్రశ్న: 2021లో వచ్చిన ‘జూడస్ అండ్ ది బ్లాక్ మెస్సయ’ చిత్రాన్ని ఈమధ్యే చూశాను. షికాగోలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ యువనాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ విలియం ఓనీల్ ఎలా పట్టిచ్చాడో చెప్పే కథ అది. దర్శకుడు, నిర్మాతలు, ప్రధాన నటులు నల్లజాతివారే కాబట్టి ప్రాతినిధ్యం విషయంలో ఈ చిత్రాన్ని వేలెత్తి చూపలేమని మిత్రులు అంటున్నారు. నాకు మాత్రం ఏదో వెలితి తోచింది. మీరేమంటారు?

జవాబు: మీ మిత్రులు చెప్పింది చిన్న సంగతి కాదు. షాకా కింగ్, చార్లెస్ డి. కింగ్, రయాన్ కూగ్లర్ నిర్మించిన ఈ చిత్రం ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం విభాగానికి నామినేట్ అయినప్పుడు, నిర్మాతలందరూ నల్లజాతివారే అయిన చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అయినా మీకు తోచిన వెలితి నిజమైనదే. అది కథను ఎవరి వెంట నడిపారన్న దగ్గర ఉంది.

నిఘా వేసేవాడికి కావలసింది మనుషులు కాదు, వాళ్ల కదలికలు. ఓనీల్ ఎఫ్‌బీఐకి అందించిన వాటిలో హాంప్టన్ ఇంటి నక్షా కూడా ఉంది; 1969 డిసెంబరు 4న తెల్లవారకముందే పోలీసులు ఆ ఇంటిపై దాడి చేసి హాంప్టన్‌ను, సహచరుడు మార్క్ క్లార్క్‌ను కాల్చి చంపారు. అలాంటి ఇన్‌ఫార్మర్ భయాన్ని, ఊగిసలాటను పట్టుకుని కథ సాగినప్పుడు, అతడికి పట్టని జీవితమంతా తెర అంచునే ఉండిపోతుంది. హాంప్టన్‌గా నటించిన డేనియల్ కలూయా, ఓనీల్‌గా నటించిన లకీత్ స్టాన్‌ఫీల్డ్ ఇద్దరూ సహాయనటుల విభాగంలోనే నామినేట్ కావడం చూస్తే, ఈ కథ ఎవరిదన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా బాధించినది ‘రెయిన్‌బో కొయలిషన్’ అనే కూటమి కథను క్లుప్తంగా ముగించడం. ప్యూర్టోరికన్ యువకుల యంగ్ లార్డ్స్‌ను, అప్పలాచియా కొండప్రాంతాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన పేద తెల్లవారి యంగ్ పేట్రియట్స్‌ను హాంప్టన్ ఒక్క తాటిపైకి తెచ్చాడు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాను గుర్తుగా పెట్టుకున్న తెల్లవారితో నల్లజాతి యువకుడు చేతులు కలపడానికి ముందు ఎన్ని అనుమానాలు, ఎన్ని వాదనలు దాటి ఉండాలో ఊహించండి. ఆ సంభాషణలు తెరపై సాగి ఉంటే వైవిధ్యం కథలోనే ఇమిడి ఉండేది. అంతేకాదు, నిఘాకు కారణమూ స్పష్టమయ్యేది. నల్లజాతి ఉద్యమాన్ని ఏకం చేయగల ‘మెస్సయ’ (రక్షకుడు) పుట్టకుండా అడ్డుకోవాలని 1968లో ఎఫ్‌బీఐ తన కార్యాలయాలకు రాతపూర్వకంగానే ఆదేశించింది. ఏకం చేయగలవాడంటేనే అంత భయమున్న ప్రభుత్వానికి, జాతుల గోడలు దాటి పేదలను కలిపేవాడు ఎలా కనిపించి ఉంటాడు? ఆ కలయిక పలచబడితే ద్రోహం బరువు కూడా తగ్గుతుంది.

స్త్రీల విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. హాంప్టన్ సహచరి డెబొరా జాన్సన్ పాత్ర నిడివి తక్కువే అయినా, డొమినిక్ ఫిష్‌బ్యాక్ నటనలో ఆమెకు సొంత మనసు, సొంత కవిత్వం ఉన్నాయి. నిండు గర్భిణిగా ఉన్న ఆమె ముఖం మీదే కెమెరా నిలిచిపోగా, వెనుక గదిలో హాంప్టన్‌పై తుపాకి పేలిన చప్పుడు మాత్రమే మనకు వినిపిస్తుంది. ఆ కొన్ని క్షణాలు ఓనీల్ చూపు నుంచి కథను పూర్తిగా లాక్కున్నాయి. చిత్రంలో ఇలాంటివి మరికొన్ని ఉండవలసింది.

ప్రశ్న: అమెరికన్ ఉద్యమ నాయకుడి పాత్రను బ్రిటన్‌లో పుట్టిన కలూయాకు ఇవ్వడం సమంజసమేనా?

జవాబు: అమెరికన్ నల్లజాతి నటులకు ప్రధాన పాత్రలు అరుదుగా దొరికే చోట ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే హాంప్టన్ ప్రసంగాల లయను కలూయా ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో వింటే, ఆయనకు దక్కిన ఆస్కార్ న్యాయమైనదే అనిపిస్తుంది. నా అభ్యంతరం వయసు గురించి. చిత్రీకరణ నాటికి నటులిద్దరూ ముప్పైకి అటూ ఇటూ ఉన్నారు. దాడి జరిగిన రాత్రి హాంప్టన్‌కు 21 ఏళ్లు, అతణ్ణి పట్టిచ్చిన ఓనీల్‌కు 20.