సుధకు, స్టూడియో తెరిచే ముందు

చిరంజీవి సుధకు, పెద్దనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. బెంగళూరులో ఉద్యోగం మానేస్తున్నావట. అనంతపురంలో సుభాష్ రోడ్డు దగ్గర మేడ మీద గది మాట్లాడుకున్నావట. పాత సినిమా తారల తీరులో నలుపు తెలుపు ఫోటోలు తీసే స్టూడియో పెడతావట. వాడి గొంతులో భయం వినిపించింది. నాకు తెల్లవారే దాకా నిద్ర పట్టలేదు. అందులో సగం దిగులు, సగం సంతోషం. నేను ముప్పై ఎనిమిదేళ్ళు చేసిన పనిని మన ఇంట్లో ఇంకొకరు చేపడతారని ఎన్నడూ అనుకోలేదు. కానీ ఈ కబురు నేను మీ నాన్న నోట వినవలసి రావడం ఏమిటి? ముందుగా చెప్పవలసింది నాకు కాదా? ఆ కోపం ఇక్కడితో వదిలేస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. అద్దె కాగితం రాయించుకో. కొత్త కెమెరా కన్నా ముందు ఇన్వర్టరు కొను. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద గది పెనంలా కాలుతుంది, ముఖానికి రాసిన పౌడరు పది నిమిషాల్లో చారలు కడుతుంది. పెళ్ళికూతుళ్ళ ఫోటోలు పొద్దున పది లోపల ముగించు. తీసిన ప్రతి బొమ్మకూ రెండు చోట్ల నకలు ఉంచు. నా నెగటివ్‌లు రెండు పెట్టెల నిండా చెదలకు పోయాయి. అప్పుల సంగతి మీ నాన్న చెబుతాడు, విను.

నేను ఒక స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరింది 1969లో. అక్కడ అద్దం పక్కన కొయ్యకు ఒక కోటు, మూడు టైలు, ఒక జత నల్ల కళ్ళద్దాలు, ఒక శాలువా వేలాడుతుండేవి. దేవదాసు వచ్చి అప్పటికే పదహారేళ్ళు దాటింది. అయినా ఆ శాలువా కప్పుకొని, నాగేశ్వరరావులా తల కాస్త వాల్చి ఫోటో దిగాలని కుర్రవాళ్ళు వస్తూనే ఉండేవారు. ఆడపిల్లలు శ్రీకృష్ణ తులాభారంలో జమునలా జడ ముందుకు వేసుకొని కూర్చునేవారు. 1971లో దసరా బుల్లోడు, ప్రేమనగర్ వచ్చాక అందరికీ వాణిశ్రీ కొప్పు కావాలి. లోపల సవరం దూర్చి ఎత్తుగా ముడి వేసుకొని వచ్చేవారు, తల తిప్పితే ఎక్కడ జారుతుందోనని కదిలేవారు కాదు. ఆ మోజులన్నీ వచ్చాయి, పోయాయి. సావిత్రిలా తీయమని అడగడం మాత్రం ఎన్నడూ ఆగలేదు. 1981 డిసెంబరు 26న ఆమె పోయిన కబురు తెలిసి ఆమె బొమ్మ ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి దీపం వెలిగించాను. దారిన పోయేవాళ్ళు చెప్పులు విడిచి నిలబడి చూసి వెళ్ళారు.

నీ దగ్గరకూ అదే అడుగుతూ వస్తారు. 2018లో మహానటి చూసి వచ్చి, మీ పెద్దమ్మ పట్టుచీర కట్టుకొని నువ్వు అద్దం ముందు గంటసేపు నిలబడటం నాకు గుర్తుంది. అప్పుడు నీకు చెప్పని మాట ఇప్పుడు చెబుతాను. మాయాబజార్ మొదటిసారి నా ఒడిలో కూర్చొని చూశావు. ఇప్పుడు మళ్ళీ చూడు, ఈసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే ఘట్టాల దగ్గర ఆగు. నటించిన మనిషి సావిత్రి ఒకరే, ముఖం ఒకటే. కానీ భుజాలు లేస్తాయి, గడ్డం ముందుకు వస్తుంది, కనుబొమ్మ ఎగురుతుంది. ఎదురుగా ఉన్నది శశిరేఖ కాదని, లోపల రంగారావు ఉన్నాడని పసిపిల్లకు కూడా తెలిసిపోతుంది. మన తాడిపత్రి ప్రాంతంలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో అది తీశాడు, కెమెరా పట్టింది మార్కస్ బార్ట్‌లే. అంత గొప్ప వెలుగు కూడా అక్కడ ఆమె మెడనూ చూపునూ చూపించడానికే పని చేసింది. కొప్పు, జాకెట్టు చేతులు, కాటుక గీత ఎవరైనా తెచ్చుకోగలరు. ఆ మెడ ఎవరిది వారిదే.

చీరల గురించి ఒక మాట. ధర్మవరం చీర ఎర్రటి ఒంటికి ఆకుపచ్చ అంచుతో కంటికి ఎంత బాగున్నా, నలుపు తెలుపులో ఆ రెండు రంగులూ ఒకే బూడిదరంగుకు దగ్గరగా వస్తాయి. అంచు చీరలో కలిసిపోయి జరీ ఒక్కటే మెరుస్తుంది. కంప్యూటర్‌లో సవరించుకుంటానంటావు. సవరించుకో. కానీ చీర చూడగానే దాని నలుపెంతో తెలుపెంతో చెప్పగలిగేలా ముందు కన్ను అలవాటు చేసుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి.

1976లో, నేను సొంతంగా స్టూడియో పెట్టిన రెండో ఏడు, ధర్మవరం నుంచి ఒక నేతగాడు కూతురిని వెంటబెట్టుకొని పొద్దుటి రైలుకు వచ్చాడు. మగపెళ్ళివారికి ఫోటో పంపాలి. ఆ పిల్ల కట్టుకున్న పట్టుచీర తండ్రి మగ్గం మీద నేసిందే గానీ వాళ్ళది కాదు. సాయంత్రానికి షావుకారుకు అప్పగించాలి. నలుగుతుందని ఆ పిల్ల కుర్చీలో వెనక్కి ఆనకుండా గంటసేపు నిటారుగా కూర్చుంది. చిన్నతనంలో అమ్మవారు పోసి బుగ్గల మీదా ముక్కు మీదా మచ్చలు మిగిలాయి. "కాస్త బాగా రావాలి బాబూ" అన్నాడు తండ్రి. అంతే. మచ్చలు తీసేయమని అతను అడగలేదు, ఆ పిల్లా అడగలేదు.

నేనే పూనుకున్నాను. కళ్ళు పెద్దవి కదా, ఈమెను సావిత్రిని చేస్తాననుకున్నాను. నుదుటి మీదికి ముంగురులు దింపాను. దీపం ఎదురుగా ఎత్తున పెట్టి ముఖమంతా వెలుగు నింపాను. ఆ తర్వాత మూడు రాత్రులు నెగటివ్ ముందు కూర్చున్నాను. మచ్చ గుంటలో పడిన నీడ నెగటివ్‌లో పలచగా ఉంటుంది. దాని మీద మందు రాసి, గరుకు కాగితం మీద సూదిలా నూరిన పెన్సిలుతో ఆ పలచని చోటును చుక్క మీద చుక్క పెట్టి నింపాలి. ప్రింటులో అక్కడ నున్నటి చర్మం వస్తుంది. ఒక్కొక్క మచ్చకు ఎన్ని చుక్కలు పెట్టానో లెక్క లేదు. చివరికి వచ్చిన బొమ్మ చూసి నేనే మురిసిపోయాను. అంత బాగా అంతకు ముందు ఎన్నడూ చేయలేదు.

తాడిపత్రి నుంచి మగపెళ్ళివారు ఆ ఫోటో పట్టుకొని ధర్మవరం వచ్చారు. అమ్మాయి కాఫీ గ్లాసులు తెచ్చి ఇచ్చింది. పెళ్ళికొడుకు తల్లి గ్లాసు అందుకొని, చేతిలోని ఫోటో చూపించి, "ఈ అమ్మాయిని పిలవండి" అందట.

సుధా, ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది.

మోసం చేయాలన్న ఆలోచన కూడా లేని ఇంటిని నేను మోసగాళ్ళ ఇల్లు చేశాను. ఆ మాట వీధి వీధీ తిరిగింది. వారం తర్వాత తండ్రి వచ్చి ఫోటో నా బల్ల మీద పెట్టాడు. కేకలు వేస్తాడనుకున్నాను. "మా పిల్లలో మీకేం తక్కువ కనబడింది బాబూ?" అని మెల్లగా అడిగాడు. డబ్బు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు.

రెండేళ్ళకు ఆమె ఒక్కతే వచ్చింది. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెడుతోంది, ఫోటో కావాలి. "ఈసారి ఏమీ దిద్దకండి" అంది. దీపాలు ఆర్పి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పక్కనుంచి పడే వెలుగులో ప్రతి మచ్చా కనబడింది. నూలు చీర, తన సొంతది. కుర్చీలో వెనక్కి హాయిగా ఆని, కెమెరా వైపు సూటిగా చూసింది. నేను అద్దాల పెట్టెలో పెట్టిన ఏ తార ముఖమూ నన్ను అలా నిలబెట్టలేదు. ఫారానికి కావలసినవి ఇచ్చి, ఆమెను అడిగి ఒకటి పెద్దది నా కోసం తీసుకున్నాను.

నాకు మూడు రాత్రులు పట్టిన పనిని నీ కంప్యూటర్ క్షణంలో చేస్తుంది. కొన్ని ఫోన్లు అడగకుండానే చర్మం నున్నగా చేసేస్తున్నాయట. నా భయమంతా అదే. నాకు ఆలోచించుకోవడానికి మూడు రాత్రులు ఉన్నాయి, అయినా ఆలోచించలేదు. నీకు ఆ వ్యవధి కూడా లేదు. అందుకని వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, దీపం వెలిగించక ముందే అడుగు. ఏం తీసేయాలని అడగకు, ఏం ఉంచాలని అడుగు. పుట్టుమచ్చ, వంకర పన్ను, వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిన ముక్కు, ఏదో ఒకటి చెబుతారు. అది రాసుకో. ఆ తర్వాత సావిత్రి వెలుగు వెయ్యి, వాణిశ్రీ కొప్పు పెట్టు, నీ ఇష్టం.

నా రీటచింగు బల్ల అటక మీద ఉంది, దాని గరుకు అద్దం పగలలేదు. కోటు బాగుంది. శాలువాకు చిమ్మటలు పట్టాయి, మీ పెద్దమ్మ కొత్తది తీసి పెట్టింది. నువ్వు డబ్బుకు ఇబ్బంది పడితే మీ నాన్నకు చెప్పకుండా నాకు చెప్పు. వేళకు తిను.

దీపాలు కొనక ముందు ఒకసారి రా. ఆదివారం మధ్యాహ్నం కాదు, పొద్దుటి బస్సుకే రా. మా ముందుగదిలో వెలుగు పదకొండు దాకానే బాగుంటుంది, ఆ ఫోటో ఆ వెలుగులో చూడాలి.

మీ పెద్దనాన్న