నటించే పేషెంటు ముందు మాట రావట్లేదు

ప్రశ్న: మేడమ్, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి ప్రాక్టికల్స్‌కి నిజం పేషెంట్లకు బదులు ట్రైనింగ్ ఇచ్చిన మనుషుల్ని కూర్చోబెడతారట. జబ్బు లేదని తెలిసీ "ఎక్కడ నొప్పండీ" అని అడగాలంటే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత టెన్షన్‌తో నోరు పెగలదు. ఈ నాటకంతో ఏం నేర్చుకుంటాం?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నవ్వు రెండు నిమిషాల్లో పోతుంది లెండి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1963లో అమెరికాలో హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టారు, 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ స్టేషన్ల వారీ పరీక్షని తెచ్చారు. అంటే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేసి చూపిస్తూ అందరూ వరసగా తిరగాలి, అదే మీరంతా ఆస్కీ (OSCE) అంటారే, అది. అంతకుముందు ఒకరికి తేలిక కేసు, పక్కవాళ్లకు మొండి కేసు పడేది, మార్కులు సగం అదృష్టం మీదే నడిచేవి. పైగా ఒకే ముసలాయన మోకాలిని పొద్దుట్నుంచి పదిమంది వంచితే ఆయన గతేం కావాలి?

పక్షవాతం స్టేషన్‌నే తీసుకోండి. బ్రన్‌స్ట్రామ్ స్టేజీలు, అంటే పక్షవాతం నుంచి కోలుకునే దశలు, గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా పేషెంటుని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చమంటే బ్రేకులు వెయ్యకుండానే లేపడం మొదలుపెడతారు. బలమున్న వైపు కుర్చీ పెట్టారా, ఫుట్‌రెస్టులు పైకి తీశారా, "ఇప్పుడు లేపుతున్నానండీ" అని చెప్పారా, ఎగ్జామినర్ చూసేది ఇవే. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగారో, ఆ నటించేవాళ్లు "అబ్బా, భుజం!" అంటారు. అలా అనమని వాళ్లకు ముందే నేర్పుతారు.

నడుం నొప్పి స్టేషన్‌లో ఇంకో తిరకాసు ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం, ఇలాంటి ప్రమాద సూచనలు మీరు అడిగితేనే చెప్పాలని వాళ్లకు రూలు. కాబట్టి ఏం జబ్బో కనిపెట్టేద్దామని తొందరపడకుండా, అడగాల్సినవి అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

అయితే ఎంత బాగా నటించినా స్పాస్టిసిటీ, అంటే పక్షవాతంలో కండరాలు వాటంతటవే బిగుసుకోవడం, రాదు, బిగుసుకుపోయిన కీలు చేతికి ఎలా తగులుతుందో తెలియదు. అది వార్డులోనే నేర్చుకోవాలి. ఆస్ట్రేలియాలో ఫిజియో విద్యార్థుల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో నాలుగు వారాల పోస్టింగులో ఒక వారం ఇలాంటి పేషెంట్లతో నడిపినా నైపుణ్యం ఏమీ తగ్గలేదని తేలింది. ఒక వారమే సుమండీ, నాలుగూ కాదు. ఈ వంకతో మీ కాలేజీవాళ్లు వార్డు పోస్టింగులే ఎత్తేస్తామంటే మాత్రం గట్టిగా అడగండి.

టెన్షన్ తగ్గాలంటే సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో వీల్‌చెయిర్ అడిగి తీసుకుని ఫ్రెండ్‌తో ప్రాక్టీస్ చెయ్యండి, ముందు మీరే పేషెంటుగా కూర్చోండి. చెప్పాపెట్టకుండా ఎవరైనా కాలు పట్టుకుని ఎత్తితే ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.