పిలుపులకి వెళ్ళాల్సింది మీరే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కతే అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం. బరంపురం సంబంధం కుదిరింది, తెలుగువాళ్ళే. మాఘమాసంలో ముహూర్తం. పిల్లలిద్దరూ ‘సేవ్ ద డేట్’ వీడియో చేయించి అందరికీ ఇప్పుడే వాట్సాప్‌లో పంపేద్దామంటున్నారు. శుభలేఖకి పసుపు పెట్టకుండా పెళ్ళి తేదీ చాటుకుంటే దిష్టి తగులుతుందని మా బావగారు అడ్డం చెబుతున్నారు. వాళ్ళ మాట నేను కాదనలేను. అమ్మాయి చదువుకి ఫీజులు కట్టింది వాళ్ళే. నిశ్చితార్థం కూడా బావగారు, మా తోడికోడలు ముందుండి జరిపించారు. తాంబూలాలు మార్చుకునేటప్పుడు నేను వంటింట్లో కాఫీలు కలుపుతున్నాను. పిలుపులకీ ఎలాగూ అక్కే వెళ్తుంది. నేను బొట్టు పెట్టి పిలిస్తే బాగుండదు కదా. కనీసం ఫోన్లోనైనా నా పేరుతో ఒక కబురు వెళ్తుందని నాకూ ఆశగానే ఉంది. పంపమంటారా, వద్దా?

జవాబు: పంపండి. దిష్టి సంగతి వదిలేయండి. తాంబూలాలు మార్చుకున్న సాయంత్రానికే ఆ కబురు మీ వీధి దాటి పాతపట్నం, టెక్కలి చేరిపోయి ఉంటుంది. మాఘంలో పెళ్ళంటే రైళ్ళలో రద్దీ తప్పదు. రైల్వేవాళ్ళు 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి పలాసలో దిగాల్సినవాళ్ళు బుకింగ్ తెరిచిన రోజే టికెట్టు తీసుకోకపోతే ఆఖర్న తత్కాల్ కోసం తంటాలు పడాలి. అలాంటివాళ్ళకి నెల ముందు శుభలేఖ అందినా ఒరిగేదేమీ లేదు. కాబట్టి దూరాన ఉన్నవాళ్ళకి పంపండి. ఊళ్ళోవాళ్ళకీ, దగ్గరి చుట్టాలకీ వద్దు. ‘ఫోన్లో పిలిచి ఊరుకున్నారు’ అనే నిష్ఠూరం మనవైపు ఎన్నేళ్ళకీ పోదు. మండపానికి బయానా కట్టి, వియ్యాలవారితో ఒక మాట అనుకుని పంపండి. మీరడిగినదానికి జవాబు ఇంతే.

అసలు సంగతి మీ ఉత్తరం చివర ఉంది. ‘కనీసం ఫోన్లోనైనా నా పేరుతో’ అన్నారు చూశారా, అక్కడ ఆగిపోయాను. కన్నతల్లి కూతురి పెళ్ళికి పదిమందినీ పిలవడానికి వాట్సాప్ చాటు వెతుక్కోవడమేమిటమ్మా? మీకూ, మీ బావగారికీ మధ్య తగాదా ఏమీ లేదు. వీడియో మీద కూడా కాదు. చిక్కంతా మీకూ, మీ తోడికోడలికీ మధ్య ఉంది. ఆవిడ చేసిన మేలుకి బదులుగా తల్లి స్థానాన్నే ఆవిడ చేతిలో పెట్టేశారు. ఆవిడ అడిగి తీసుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరే వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఖాళీగా ఉన్న చోట ఆవిడ నిలబడింది. ఆ రోజు మీరు కలిపిన కాఫీలు వియ్యాలవారు మారుమాట లేకుండా తాగారు కదా! కాఫీకి పనికొచ్చిన చెయ్యి తాంబూలానికి పనికిరాకపోవడం ఏ శాస్త్రమో నాకైతే అర్థం కాదు.

వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో వితంతువుకి పెళ్ళే చేయించారు. ఇన్నేళ్ళ తర్వాత మనం కుంకుమ భరిణె ఎవరు పట్టుకోవాలన్న దగ్గరే ఉన్నాం. నాకు ఈ విషయంలో ఓపిక తక్కువ, దాచుకోను.

ఫీజుల రుణం నిజమే, అది రుణమే. వీలైతే డబ్బుగా తీర్చండి. వాళ్ళు పుచ్చుకోకపోతే పెళ్ళిలో ఆ దంపతులకి మంచి బట్టలు పెట్టి, నలుగురిలో వాళ్ళ పేరు చెప్పి నమస్కారం చేయండి. కన్యాదానానికి వాళ్ళిద్దరూ పీటల మీద కూర్చుంటారంటే నేను కాదనను. మీకే కూర్చోవాలనుంటే మాత్రం పురోహితుడితో ఇప్పుడే మాట్లాడుకోండి, ముహూర్తం నాడు కాదు. కానీ పిలుపు మీదే. అది ఎవరికీ అప్పగించకండి.

ఎలాగంటారా? ముందు మీ తోడికోడలి దగ్గరికి వెళ్ళండి. ‘అక్కా, పిలుపులకి నేనూ వస్తాను. నువ్వు పక్కనుండు’ అనండి. ‘రావచ్చా?’ అని అడగకండి. ఆవిడ మొహం కొంచెం మాడ్చుకున్నా కంగారు పడకండి. ఇన్నాళ్ళూ మీరే ఇచ్చిన పెత్తనం కదా, వదులుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది. మీ పక్కింటి ఒడియావాళ్ళు మొదటి పత్రిక పూరీ జగన్నాథుడికి ఇస్తారు, చూసే ఉంటారు. మీరూ మొదటి శుభలేఖ ఆయనకే ఇచ్చి రండి. మీ బావగారినీ, తోడికోడలినీ కూడా తీసుకెళ్ళండి. ఒక్క ప్రయాణంలో చాలా మాటలు సర్దుకుంటాయి.

ఇక గడప దగ్గరి సంగతి. పళ్ళెంలో భరిణె, అక్షింతలు, శుభలేఖ పెట్టుకుని వెళ్ళండి. శుభలేఖ మీ చేత్తో ఇచ్చి, ‘మా అమ్మాయి పెళ్ళి, అందరూ రావాలి’ అని మీ నోటితో పిలవండి. ఆ ఇంటావిడ నుదురు చూపిస్తే బొట్టు పెట్టండి. తటపటాయిస్తే పళ్ళెం ముందుకి చాపండి, ఆవిడే పెట్టుకుంటుంది. చాలామంది ఇప్పుడు నుదురే చూపిస్తున్నారు. మొహం తిప్పుకునేవాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉంటారు. వాళ్ళు భోజనాలకి మాత్రం మానరు.

మీ అమ్మాయికి ఇదంతా తెలుసా? ఉత్తరంలో ఆ పిల్ల వీడియో గురించి అడిగిందని రాశారే తప్ప, అమ్మ వంటింట్లో ఎందుకు ఉండిపోయిందని అడిగినట్టు రాయలేదు. అడిగి ఉండకపోతే ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీరే చెప్పండి. బాధపడుతుందని దాచకండి. పెళ్ళయ్యాక ఎవరో చెబితే ఇంకా బాధపడుతుంది. వీడియోలో ఏ ఫోటోలు, ఏ పాట అన్నది పిల్లల ఇష్టానికి వదిలేయండి. పెళ్ళి తేదీ, ఊరు, దిగాల్సిన స్టేషను స్పష్టంగా ఉంటే చాలు. కింద ‘ఇట్లు’ అన్నచోట మీవారి పేరు, పక్కనే మీ పేరు వెయ్యమని చెప్పండి. బావగారి దంపతుల పేర్లు ఆ తర్వాతి వరుసలో వెయ్యమనండి.