పిన్ని లేసు ఆర్డరుకు మీ జీతం మీద అప్పా?

ప్రశ్న: బెంగళూరు మహదేవపురలో ఉంటాం. ఐటీ ఉద్యోగం, చేతికి 92,000 వస్తుంది. కారు ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 68,000. మాది కోనసీమ, పి.గన్నవరం మండలంలో ఒక లంక. మా పిన్ని చాలా ఏళ్లుగా పన్నెండు మంది ఆడవాళ్లతో లేసు అల్లిస్తోంది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారంటోంది. ఇక్కడి ఒక సంస్థ దసరాకి టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు కలిపి 7.5 లక్షల ఆర్డరు ఇస్తానంది. అడ్వాన్సు లేదు, సరుకు అందిన 90 రోజులకు డబ్బు. దారం, కూలి కలిపి 6 లక్షలు కావాలి. బ్యాంకు నాకు 14 శాతానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకుని పిన్నికి పంపుదామనుకుంటున్నా. చాలకపోతే నా భార్య నగలున్నాయి. సేవింగ్స్‌లో 1.1 లక్షలు, స్మాల్‌క్యాప్ ఫండ్లలో (చిన్న కంపెనీల షేర్లలో పెట్టేవి) 2.2 లక్షలు ఉన్నాయి. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. ఫండ్లు దీర్ఘకాలానికి కాబట్టి ముట్టుకోను. లేసు ఎగుమతి కూడా చేయొచ్చా?

జవాబు: వద్దండీ. లోనూ వద్దు, నగలూ వద్దు.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణముంది. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మేనమామ కోసం, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే అన్నయ్య కోసం, ఉప్పాడలో మగ్గం నడిపే బాబాయి కోసం ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు ఇదే పని చేస్తున్నారు. ఊళ్లో వ్యాపారం తెచ్చుకోవాల్సిన అప్పును తమ జీతం మీద తెస్తున్నారు. ఊరి మీద ప్రేమను తప్పుపట్టను. కానీ ఆర్డరు తేడా వచ్చినా ఈఎంఐ ఆగదు, అది కట్టాల్సింది మీరు.

లెక్క చూద్దాం. 6 లక్షలకు ఈఎంఐ సుమారు 13,960. ఐదేళ్లలో కట్టే వడ్డీ 2.38 లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. సరుకు తయారవడానికి రెండు నెలలు, ఆ తర్వాత 90 రోజులు. పిన్నిగారి చేతికి మొదటి రూపాయి వచ్చేలోపు మీరు అయిదు ఈఎంఐలు, అంటే 70,000 దాకా కట్టేసి ఉంటారు. ఆర్డరు మొత్తం మీద మిగిలేది 1.5 లక్షలు. ఆ అయిదు ఈఎంఐల్లో వడ్డీయే 34,000 దాకా ఉంటుంది, అంటే మిగిలేదాంట్లో అయిదో వంతుకు పైగా అక్కడే పోయింది.

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది మీ అత్యవసర నిధి. 1.1 లక్షలంటే మీ ఇంటికి రెండు నెలల ఖర్చు కూడా కాదు. మీకు కనీసం ఆరు నెలలది, అంటే 4.08 లక్షలు ఉండాలి. ప్రస్తుతం నెలకు 24,000 మిగులుతోంది. ఆ మొత్తం ఇటే వేస్తే పదమూడు నెలల్లో నిండుతుంది. లోన్ తీసుకున్నారనుకోండి, దెబ్బ రెండువైపులా పడుతుంది. నెల ఖర్చు 82,000కు చేరుతుంది కాబట్టి ఉండాల్సిన నిధి 4.92 లక్షలకు పెరుగుతుంది. మిగులు 10,000కు పడిపోతుంది. అప్పుడు నిధి నిండడానికి మూడేళ్ల పైమాట. మూడేళ్లపాటు మీ కంపెనీలో ఎవరినీ ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టరని, ఇంట్లో ఎవరికీ ఆసుపత్రి పని పడదని మీకెవరు హామీ ఇచ్చారు? ఆరోగ్య బీమా కూడా ఆఫీసు ఇచ్చిందేనని రాశారు. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. సొంతంగా ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా, అంటే ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి.

ఇంకో మాట. ఫండ్లు ‘దీర్ఘకాలానికి’ కాబట్టి ముట్టుకోరట, 14 శాతం అప్పు మాత్రం తెస్తారట! స్మాల్‌క్యాప్ ఫండ్లు ఏటా ఖాయంగా అంతకంటే ఎక్కువ తెచ్చిపెడతాయని అనుకుంటే తప్ప ఈ వాదన నిలవదు. అవి అత్యవసర నిధి కిందా రావు, అవసరం పడ్డప్పుడే మార్కెట్ పడి ఉండొచ్చు. నిధి నిండేదాకా ఫండ్లలో నెలనెలా వేసే ఎస్ఐపీ ఉంటే ఆపి, ఆ డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల లిక్విడ్ ఫండ్‌కో, స్వీప్ ఇన్ డిపాజిట్‌కో మళ్లించండి. భార్య నగల ఊసు ఇక ఎత్తకండి. ఆవిడని అడిగారా అని కూడా నేను అడగను.

ఇక పిన్నిగారి వైపు. మీ కంటే ముందు ఆవిడ వ్యాపారానికే అత్యవసర నిధి లేదు. దసరా ఆర్డరంటే అల్లిక జులై, ఆగస్టుల్లో సాగుతుంది, గోదావరికి వరదొచ్చేదీ అప్పుడే. 2022 జులై వరద మీరు మరిచిపోయి ఉండరు. గంటిపెదపూడి రేవు దగ్గర నదీపాయ మీద వేసుకున్న తాత్కాలిక గట్టు వరదకు కొట్టుకుపోతే ఆ లంకలకు పడవే దిక్కయింది. అలాంటప్పుడు దారం ఇటు రాదు, అల్లిన సరుకు అటు పోదు. తెల్ల నూలు లేసు మూటల్లో తేమ పట్టి బూజు మచ్చ పడిందంటే, ఎన్నిసార్లు ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసినా మొదటి రకం ధర రాదు. అల్లినవాళ్లకు మాత్రం కూలి ఆ వారమే ఇవ్వాలి. రెండు వారాలు ఆలస్యమైతే వాళ్లు ఇంకో ఏజెంటు దగ్గర దారం తెచ్చుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకని రెండు నెలల కూలికి సరిపడా డబ్బు పిన్నిగారి పేరిట వేరే ఖాతాలో ఉండాలి. ఇంటి ఖర్చులు నడిచే ఖాతాలో కాదు, దారం కొనే ఖాతాలో అసలే కాదు.

మీరు సాయం చేయాలనుకుంటే అక్కడ చేయండి. నెలకు 5,000 ఆ కూలి నిధికి పంపండి. అప్పుగా కాదు, తిరిగి అడగనని చెప్పి ఇవ్వండి. అప్పుడు మీ సొంత నిధి నిండడానికి పదహారు నెలలు పడుతుంది, అంతే. బంధువుల మధ్య అప్పు ఎలా తీరుతుందో మీకు చెప్పక్కర్లేదు.

వరద నష్టానికి బీమా కూడా ఇప్పుడే చూడండి. అయిదు కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని 2021 ఏప్రిల్ నుంచి ఒకే నమూనా పాలసీ ఉంది. అందులో తుఫాను, వరద నష్టం కలిసే ఉంటాయి. సరుకు ఉంచే చోటు చిరునామా, ఆర్డరు ఉన్న నెలల్లో నిల్వ విలువ సరిగ్గా రాయించాలి. ఏడాది సగటు రాయిస్తే క్లెయిము కూడా సగటే వస్తుంది. వరద హెచ్చరిక వచ్చాక కొందామంటే ఇవ్వరు. అల్లే పన్నెండు మందికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా), యాభై లోపు వయసున్నవాళ్లకు 436 రూపాయల జీవన జ్యోతి (జీవిత బీమా) ఉన్నాయో లేదో పిన్నిగారినే కనుక్కోమనండి. లేనివాళ్లకు మీ జేబులోంచి కట్టినా పెద్ద మొత్తం కాదు.

అసలు 6 లక్షలు ఒకేసారి ఎందుకు? ఆర్డరును నాలుగు లాట్లు చేయమనండి. లాటుకు ఖర్చు 1.5 లక్షలు, అమ్మకం 1.87 లక్షలు. నలభై శాతం అడ్వాన్సు అడిగితే 75,000 వస్తుంది, ఇంకో 75,000 చూసుకుంటే చాలు. మొదటి లాటు డబ్బు రాకముందే రెండోది మొదలైనా పెట్టుబడి 1.5 లక్షలు దాటదు. అడ్వాన్సు ఇవ్వనంటే ఆ ఆర్డరు వదులుకోండి. నర్సాపురం లేసు కావాలని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు దారం, కూలి ఖర్చులో సగం కూడా ముందు పెట్టరంటే రిస్కు మొత్తం లంకలో ఉన్న ఆవిడ నెత్తినే వేస్తున్నట్టు.

90 రోజుల షరతు కూడా చెల్లదు. పిన్నిగారు సరుకు పంపకముందే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అది ఉచితం, ఏజెంట్లకు డబ్బు ఇవ్వకండి. ఆ తర్వాత కొనేవాళ్లు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లో చెల్లించాలి, రాతకోతలు లేకపోతే 15 రోజుల్లోనే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి మరో చిక్కు కూడా వాళ్లకుంది: గడువు దాటితే, డబ్బు చెల్లించిన ఏడాదే దాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరు. ఆ సంస్థ అకౌంటెంటుకు ఈ సంగతి ఒక్కసారి గుర్తుచేస్తే చాలు.

పెట్టుబడికి: పిన్నిగారు డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ కింద సంఘానికి 3 లక్షల దాకా 7 శాతం వడ్డీకే దొరుకుతుంది. మహిళా సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి ఉంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో కిశోర్ రకం అప్పు 5 లక్షల దాకా, పూచీకత్తు లేకుండా. చేతివృత్తులవాళ్లకు అప్పిచ్చే పీఎం విశ్వకర్మ ఈవిడకు కుదరదు, అందులోని 18 వృత్తుల్లో లేసు అల్లిక లేదు. కొబ్బరి పీచు పని, సంప్రదాయ బొమ్మలు, వలలు ఉన్నాయి కాబట్టి ఆ పనుల్లో ఉన్న బంధువులుంటే చెప్పండి. అప్పు ఏదైనా ఆవిడ పేరు మీదే ఉండాలి. రేపు ఇంకో 5 లక్షలు కావాల్సి వస్తే బ్యాంకు చూసేది ఆవిడ చెల్లింపుల చరిత్ర, మీ సిబిల్ స్కోరు కాదు.

ఎగుమతి మాట ఇప్పుడు వద్దు. ముందు ఈ ఆర్డరు డబ్బు సకాలంలో రాబట్టుకోనివ్వండి. ఆ లోపు మీ మండలం నర్సాపురం లేసు గుర్తింపు పరిధిలోకి వస్తుందేమో చూసి, వస్తే పిన్నిగారిని అధీకృత వినియోగదారుగా నమోదు చేయించండి. అది లేకుండా ఆ గుర్తు లేబుల్ మీద వేయకూడదు.